తలంబ్రాల వేళ ఫోకస్ ఎవరి చేతిలో ఉండాలి?

తలంబ్రాల ఫోటోల్లో తరచూ కనిపించే తప్పు ఒకటుంది. గాల్లోకి ఎగిరిన బియ్యపు గింజలు నాలుగు పదునుగా వచ్చి ఉంటాయి. వాటి వెనక పెళ్లికూతురి నవ్వు మాత్రం మసకగా ఉంటుంది. కెమెరాలో లోపం లేదు, లెన్స్ కూడా బాగానే ఉంది. ఎదురుగా ఉన్నవాటిలో దగ్గరగా ఉండి, వెలుగునీడల తేడా కొట్టొచ్చినట్టు కనిపించేదాన్ని ఆటోఫోకస్ ముందు పట్టుకుంటుంది. పసుపు కలిపిన బియ్యం వీడియో లైటుకి మెరుస్తూ సరిగ్గా ముఖానికి ముందర పడితే గింజను కాక దేన్ని పట్టుకుంటుంది?

పొరపాటు మన దగ్గరే ఉంది. పీటల మీద కూర్చున్న ఇద్దరూ ఆ పది నిమిషాలూ అక్కడే ఉంటారు. ఫోటో తీసేవారు కూడా హోమగుండం పక్కన కష్టపడి సంపాదించిన చోటు వదలరు. అంటే దూరం మారడం లేదు. మారని దూరాన్ని బటన్ నొక్కిన ప్రతిసారీ కెమెరాతో మళ్లీ మళ్లీ కొలిపిస్తున్నాం. అన్నిసార్లు కొలిపిస్తే ఏదో ఒకసారి గింజ అడ్డం రాకుండా ఉండదు.

తలంబ్రాల పళ్లెం చేతికి రాకముందే ఈ పని చేసుకోవాలి. ఫోకస్ పాయింట్‌ను కెమెరాయే ఎంచుకునే ఆటో ఏరియా నుంచి మనం ఎంచుకునే సింగిల్‌కి మార్చి, పెళ్లికూతురి కళ్లలో మనకు దగ్గరగా ఉన్న కంటి మీద పెట్టి, షట్టర్ సగం నొక్కాలి. బీప్ వినపడగానే లెన్స్ పక్కనున్న మీటను ఏఎఫ్ (ఆటోఫోకస్) నుంచి ఎంఎఫ్ (మాన్యువల్, అంటే చేత్తో చేసే ఫోకస్)కి జరపాలి. ఆ తర్వాత రింగ్ ముట్టుకోకూడదు, జూమ్ తిప్పకూడదు. అపర్చర్ మాత్రం, అంటే లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం, చూసుకోవాలి. ఎఫ్ అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది. ఏపీఎస్-సి (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్) బాడీ మీద 50 ఎంఎం లెన్స్, 2 మీటర్ల దూరం అనుకుందాం. ఎఫ్ 1.8 దగ్గర పదునుగా వచ్చే లోతు మొత్తం కలిపి 11 సెంటీమీటర్లే. పెళ్లికొడుకు నెత్తిన పోయడానికి ఆమె కాస్త ముందుకు వంగితే చాలు, ఫోకస్ పోతుంది. అదే ఎఫ్ 4 అయితే లోతు 25 సెంటీమీటర్లు వస్తుంది, వంగినా సరిపోతుంది. పోటీ పెరిగి ఇద్దరూ లేచి నిలబడ్డారా, మీట మళ్లీ ఏఎఫ్‌కి జరిపి ఇంకోసారి కొలిచి తాళం వేయాలి.

ఇలా మీట జరపడం కంటే మంచి పద్ధతి బ్యాక్ బటన్ ఫోకస్. షట్టర్ బటన్ నుంచి ఫోకస్ పని తీసేసి, బొటనవేలి దగ్గరున్న బటన్‌కి అప్పగించడం. నికాన్ చిన్న బాడీల్లో అయితే మెనూలో ఏఈ-ఎల్ ఏఎఫ్-ఎల్ బటన్‌కి ఏఎఫ్-ఆన్ కేటాయించాలి. కెనాన్‌లో కస్టమ్ ఫంక్షన్లలో షట్టర్, ఏఈ లాక్ బటన్ వరుసకి వెళ్లి ఫోకస్‌ను నక్షత్రం గుర్తు బటన్‌కి మార్చాలి. ఫోకస్ మోడ్‌ను ఆగకుండా కొలుస్తూ ఉండే ఏఎఫ్-సి (నికాన్) లేదా ఏఐ సర్వో (కెనాన్)లో ఉంచాలి. అప్పుడు వేలు బటన్ మీద ఉన్నంతసేపు ఆటోఫోకస్ నడుస్తుంది, వేలు తీస్తే ఆగిన చోటే ఉండిపోతుంది. మేనమామ పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మండపానికి మోసుకొస్తుంటే దూరం అడుగడుగుకీ మారుతుంది, వేలు నొక్కే ఉంచాలి. గంప దించాక ఒకసారి పట్టి వదిలేస్తే చాలు. రెండు మోడ్‌ల మధ్య మెనూలోకి వెళ్లనక్కర్లేదు. చిక్కు ఒక్కటే: మనల్ని కూడా ఒక ఫోటో తీయమని ఆ కెమెరాను ఏ బావగారి చేతికో ఇస్తే ఆ ఫోటో కచ్చితంగా మసకగానే వస్తుంది. ఇచ్చేముందు మార్చి ఇవ్వండి.

యంత్రం దూరం ఎలా కొలుస్తుందో తెలిస్తే ఎక్కడ తప్పుతుందో ముందే ఊహించొచ్చు. డీఎస్ఎల్ఆర్‌లో పెద్ద అద్దం వెనక చిన్న అద్దం ఒకటుంటుంది. పెద్ద అద్దం గుండా కొంత వెలుగు దాటి, ఆ చిన్న అద్దానికి తగిలి, బాడీ అడుగున ఉన్న ఏఎఫ్ సెన్సర్‌కి చేరుతుంది. లెన్స్ రెండు పక్కల నుంచి వచ్చిన వెలుగు అక్కడ రెండు బొమ్మలుగా పడుతుంది. ఆ రెంటి మధ్య ఎడం చూసి లెన్స్ ఎటు తిరగాలో, ఎంత తిరగాలో కెమెరా ఒక్కసారే లెక్క కట్టేస్తుంది. దీన్నే ఫేజ్ డిటెక్షన్ అంటారు, వేగం దీని సొత్తు. పాత డీఎస్ఎల్ఆర్‌లలో లైవ్ వ్యూ (వెనక స్క్రీన్ మీద చూస్తూ తీయడం) పెడితే మాత్రం అద్దం పైకి లేచిపోతుంది కాబట్టి ఈ దారి మూసుకుపోతుంది. అప్పుడు లెన్స్‌ను ముందుకీ వెనక్కీ ఆడిస్తూ, బొమ్మ ఎక్కడ ఎక్కువ పదునుగా ఉందో వెతుక్కుంటుంది. ఇది కాంట్రాస్ట్ డిటెక్షన్. నెమ్మది, కానీ కొలిచేది ఫోటో పడే సెన్సర్ మీదే కాబట్టి కచ్చితం. 2013లో కెనాన్ 70డి, ఫోటో సెన్సర్ మీదే ఫేజ్ డిటెక్షన్ చేసే డ్యూయల్ పిక్సెల్‌తో వచ్చింది. అద్దమే లేని మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఇప్పుడు ఫేజ్ డిటెక్షన్ చాలావరకు ఫోటో సెన్సర్ మీదే జరుగుతోంది.

రెండు పద్ధతులకీ కావాల్సింది గీత, అంచు, తేడా. అవి లేనిచోట రెండూ గుడ్డివే. పాలిష్ పెట్టిన నల్ల కడప బండ మీద పాయింట్ పెట్టి చూడండి, లెన్స్ గుర్రుమంటూ ఆ చివర నుంచి ఈ చివర దాకా తిరిగి ఊరుకుంటుంది. బండ మీద ఒక పేపరు ముక్కో తాళంచెవో పెడితే టక్కున పట్టుకుంటుంది. ధర్మవరం పట్టుచీరలు అమ్మకానికి ఫోటో తీసేవారికి ఈ బాధ రోజూ ఉంటుంది. చీర ఒళ్లు ఒకే రంగు, నున్నగా మెరుస్తుంది, పట్టుకోవడానికి ఏమీ దొరకదు. జరీ అంచు మీద పెడదామంటే అంచు గీతలన్నీ అడ్డంగా ఒకే దిక్కుకి ఉంటాయి.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఫేజ్ డిటెక్షన్ పాయింట్లన్నీ అన్ని దిక్కుల గీతల్నీ చూడలేవు. ఒక్కో పాయింట్ నిలువు గీతల్నో అడ్డ గీతల్నో మాత్రమే చూస్తుంది. రెండూ చూడగలిగినదాన్ని క్రాస్ టైప్ అంటారు. నికాన్ డి3500లో 11 పాయింట్లుంటే మధ్యది ఒక్కటే క్రాస్ టైప్. కెనాన్ 1500డిలో 9 ఉంటే అందులోనూ మధ్యది ఒక్కటే. చాలా మిర్రర్‌లెస్ సెన్సర్ల మీది పిక్సెళ్లు కూడా ఒకే దిక్కు చూస్తాయి, కెమెరా మామూలుగా పట్టుకుంటే అడ్డ గీతలు వాటికి ఆనవు. అందుకే జరీ అంచు మీద ఫోకస్ దొరకకపోతే కెమెరాను పదిహేను, ఇరవై డిగ్రీలు పక్కకి వంచి పట్టించి, లాక్ చేసి, మళ్లీ నిటారుగా తిప్పితే పని అయిపోతుంది. నమ్మబుద్ధి కాకపోతే ఇంట్లో కిటికీ ఊచల మీద చేసి చూడండి.

మరి ఇంత చిక్కెందుకు, మనమే రింగ్ తిప్పితే పోలేదా అంటారు. పోదు. కనీసం డీఎస్ఎల్ఆర్ వ్యూఫైండర్‌లోంచి చూస్తూ తిప్పితే పోదు. పెద్ద అపర్చర్ లెన్స్‌కి కంటితో మాన్యువల్ ఫోకస్ చేయడం ఇప్పటి కెమెరాల్లో సగం భ్రమే. పాత ఫిల్మ్ కెమెరాల్లో వ్యూఫైండర్ నడుమ గుండ్రటి స్ప్లిట్ ప్రిజం ఉండేది. రెండుగా చీలిన బొమ్మ కలిసిందంటే ఫోకస్ వచ్చినట్టే. 1985లో మినోల్టా 7000 బాడీలోనే ఆటోఫోకస్ పెట్టుకుని వచ్చింది. ఆ తర్వాత ఏఎఫ్ కెమెరాలు పెరిగేకొద్దీ స్ప్లిట్ ప్రిజం పోయి, స్క్రీన్ వెలుతురుగా కనపడాలన్నదే ముఖ్యమైంది. ఈ వెలుతురు స్క్రీన్లకి ఒక గుణం ఉంది: ఎఫ్ 2.8కి అటూఇటూగా ఉన్నంత లోతునే చూపిస్తాయి. లెన్స్ ఎఫ్ 1.4 అయినా 1.8 అయినా కంటికి కనపడేది ఎఫ్ 2.8 లోతే. పదునుగా కనిపిస్తోంది కదా అని నొక్కితే ఫోటోలో కన్ను బదులు చెవి పదునుగా వస్తుంది. డెప్త్ ఆఫ్ ఫీల్డ్ ప్రివ్యూ బటన్ (ఫోటో తీయకముందే అపర్చర్‌ను మూసి చూపేది) ఉన్న బాడీ అయితే పరీక్ష తేలిక. ఎఫ్ 1.8 నుంచి ఎఫ్ 2.5 వరకు మారుస్తూ నొక్కి చూడండి, వ్యూఫైండర్‌లో వెలుగు తగ్గినట్టే అనిపించదు.

దానికి తోడు వ్యూఫైండర్‌ను మన కంటి చూపుకి సరిపెట్టే డయాప్టర్. వ్యూఫైండర్ పక్కన చిన్న చక్రం ఉంటుంది, సంచిలో రాసుకుని అదే తిరిగిపోతుంటుంది. దాన్ని సరిచేసేటప్పుడు ఎదుటి మనిషిని చూడకూడదు. కెమెరాను తెల్ల గోడ వైపు పెట్టి, లోపలి అంకెలు, ఫోకస్ పాయింట్ గళ్లు మీ కంటికి పదునుగా కనిపించేదాకా తిప్పాలి. అద్దాలు పెట్టుకునేవారు అద్దాలతోనే.

వ్యూఫైండర్‌లోనే మాన్యువల్ చేయాల్సి వస్తే కంటిని కాక కెమెరా సైగను నమ్మాలి. నికాన్‌లో ఎంఎఫ్‌లో ఉన్నా కింద ఎడమపక్క చిన్న చుక్క వెలుగుతుంది. కెనాన్‌లో ఈఎఫ్ లెన్స్‌ను ఎంఎఫ్‌లో పెట్టి, షట్టర్ సగం నొక్కి ఉంచి రింగ్ తిప్పితే ఫోకస్ వచ్చినప్పుడు పాయింట్ మెరిసి బీప్ అంటుంది. ఈ చుక్క వెలిగే పరిధి కొంచెం వెడల్పుగా ఉంటుంది. దగ్గర వైపు నుంచి తిప్పుతూ వచ్చి ఎక్కడ వెలిగిందో చూసుకోండి. దూరం వైపు నుంచి వచ్చి మళ్లీ చూసుకోండి. రెంటికీ నడుమ ఆపండి.

కదలని వస్తువుకి అసలైన మాన్యువల్ ఫోకస్ లైవ్ వ్యూలోనే. స్టాండ్ మీద కెమెరా పెట్టి, లైవ్ వ్యూ వేసి, భూతద్దం బటన్‌తో 5 రెట్లు, తర్వాత 10 రెట్లు పెంచి, గడిని కావాల్సిన చోటికి జరపాలి. రింగ్ తిప్పుతూ పదును వచ్చిన చోట ఆగకుండా కొంచెం దాటి వెళ్లాలి, మసక మొదలవగానే వెనక్కి రావాలి. దాటి చూస్తేనే శిఖరం ఎక్కడుందో తెలుస్తుంది. జూమ్ లెన్స్ అయితే ఎంత జూమ్‌లో ఫోటో కావాలో ముందే పెట్టుకుని ఆ తర్వాత ఫోకస్ చేయాలి. 55 దగ్గర ఫోకస్ చేసి 18కి తిప్పితే కెమెరాతో పాటు వచ్చే మన కిట్ లెన్స్‌లలో ఫోకస్ జరిగిపోతుంది. సినిమా జూమ్‌ల మాదిరి అది నిలవదు.

లేపాక్షి నాట్యమండపం కప్పు మీది చిత్రాలకు ఇదే దారి. రంగులు వెలిశాయి, వెలుతురు తక్కువ, ఏఎఫ్ తడబడుతుంది. ఫ్లాష్ వేయకూడదు, స్టాండ్‌కి పురావస్తు శాఖ అనుమతి కావాలి. అందుకని సంచిని నేల మీద పరిచి, దాని మీద కెమెరాను ఆకాశం చూసేలా వెల్లకిలా పెట్టి, స్క్రీన్ మడత తిప్పుకోవచ్చు. బొమ్మల చుట్టూ ఉన్న నల్ల గీతల్లో ఒకదాని మీద 10 రెట్లు పెంచి ఫోకస్ చేసి, ఎఫ్ 5.6 పెట్టి, 2 సెకన్ల టైమర్‌తో తీయాలి. నడిమి గీత పదునుగా ఉండి ఒక మూల మసకగా ఉంటే అది ఫోకస్ తప్పు కాదు, కెమెరా కప్పుకు సమంగా లేదు. సంచి కింద ఒక పుస్తకం దోపి చూడండి.

బెలూం గుహల్లో ఇంకో రకం. 3 కిలోమీటర్లకు పైగా ఉన్న ఆ దారుల్లో దీపాల మధ్య చీకటి మూలలే ఎక్కువ. సెల్ టార్చ్‌ను రాతి అంచు మీద వేసి, ఏఎఫ్‌తో పట్టించి, ఎంఎఫ్‌కి జరిపి, టార్చ్ ఆపేసి తీయడమే. కారు ఏసీలోంచి దిగి నేరుగా గుహలోకి పోతే లెన్స్‌కి ఆవిరి పడుతుంది. ఎంత ఫోకస్ చేసినా మబ్బుగానే ఉంటుంది, ఆరేదాకా ఆగాలి.

మిర్రర్‌లెస్ ఉన్నవారికి ఫోకస్ పీకింగ్ దొరుకుతుంది, పదునుగా ఉన్న అంచులకు ఎర్రగానో పసుపుగానో రంగు పూస్తుంది. చూడ్డానికి బాగుంటుంది కానీ నమ్మకంగా వాడాలంటే దాని బలహీనత తెలియాలి. అది చూసేది తక్కువ రిజల్యూషన్ ప్రివ్యూలో కాంట్రాస్ట్‌ను. ఎఫ్ 1.8 దగ్గర జుట్టు, కనురెప్ప, బాసికం మెరుపు అన్నీ ఒకేసారి ఎర్రబడతాయి, కన్ను మాత్రం నాలుగు మిల్లీమీటర్లు తప్పి ఉంటుంది. పీకింగ్‌తో దగ్గరికి వచ్చి, భూతద్దంతో ముగించాలి. సెన్సిటివిటీ తక్కువలో పెడితే రంగు పలచబడి నిజానికి దగ్గరగా ఉంటుంది.

చాలా కొత్త లెన్స్‌లలో రింగ్ గాజుకి నేరుగా తగిలి ఉండదు. రింగ్ తిప్పితే సంకేతం పోతుంది, మోటార్ గాజును జరుపుతుంది. కెనాన్ 50 ఎంఎం ఎఫ్ 1.8 ఎస్‌టీఎం అలాంటిదే, కెమెరా ఆన్‌లో లేకపోతే రింగ్ తిరిగినా ఏమీ జరగదు. కొన్నింటిలో వేగంగా తిప్పితే ఎక్కువ, నెమ్మదిగా తిప్పితే తక్కువ జరుగుతుంది. కాబట్టి వీడియోలో టేప్ గుర్తు పెట్టి వెనక్కి అదే చోటికి రావాలంటే కుదరదు. మెనూలో లీనియర్ అనే ఎంపిక ఉంటే పెట్టుకోవాలి. మిర్రర్‌లెస్‌లో చాలాసార్లు కెమెరా ఆపి వేస్తే ఫోకస్ స్థానం పోతుంది. ఆటో పవర్ ఆఫ్‌తో నిద్రపోయి లేచినా పోవచ్చు, ఆ సమయాన్ని పెంచుకోవాలి. పాత కెనాన్ 50 ఎంఎం ఎఫ్ 1.8 రెండో రకంలో ఇంకో ప్రమాదం: మీట ఏఎఫ్‌లో ఉండగా రింగ్‌ను బలవంతంగా తిప్పితే లోపలి పళ్లచక్రాలు దెబ్బతింటాయి. నికాన్ ఏఎఫ్-ఎస్ లెన్స్‌ల మీద ఎం/ఏ అని ఉంటే మాత్రం ఏఎఫ్‌లోనే చెయ్యి వేసి సర్దుకోవచ్చు.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవారికి ఒక మాట. నికాన్ 50 ఎంఎం ఎఫ్ 1.8డి చవగ్గా దొరుకుతుంది. దానిలో మోటార్ లేదు, బాడీలో మోటార్ ఉంటేనే ఏఎఫ్ పని చేస్తుంది. డి3000, డి5000 వరుసల్లో ఆ మోటార్ లేదు. డి7000 వరుసలో ఉంది. దుకాణంలో కొనేముందు మీ బాడీకే తగిలించి చూసుకోండి. లేకపోతే మాన్యువల్ లెన్స్ కొన్నట్టే, అదీ రింగ్ కొంచెం తిప్పితే చాలా దూరం దాటిపోయే లెన్స్. మాన్యువల్ కోసం చేసిన పాత లెన్స్‌ల రింగ్ సగం చుట్టు, ముప్పాతిక చుట్టు తిరుగుతుంది, అందుకే చేతికి అంత సుఖం. ఎం42 మరలు ఉన్న హీలియోస్ 44-2 వంటివి కెనాన్ డీఎస్ఎల్ఆర్ మీద సన్నటి అడాప్టర్‌తో ఆకాశం దాకా ఫోకస్ అవుతాయి. నికాన్ మీద కావు. లెన్స్ కూర్చునే అంచు నుంచి సెన్సర్ దాకా ఎం42కి 45.46 ఎంఎం దూరం కావాలి, నికాన్ ఎఫ్‌కి అది 46.5. అడాప్టర్ మందమే లేకపోయినా మిల్లీమీటర్ ఎక్కువైపోయింది. సోనీ ‘ఇ’ (E) మౌంట్‌లో 18 ఎంఎం మాత్రమే కాబట్టి దాదాపు ఏ పాత ఎస్ఎల్ఆర్ లెన్స్‌నైనా అడాప్టర్‌తో తగిలించవచ్చు. మెనూలో లెన్స్ లేకుండా షట్టర్ పడే ఎంపికను ఆన్ చేయడం మరిచిపోతే కెమెరా నొక్కినా పలకదు.

ఏఎఫ్ ఎప్పుడూ ఒకే వైపు తప్పుతోందంటే, అంటే ప్రతి ఫోటోలో కంటి వెనకో ముందో పదునుంటే, అది డీఎస్ఎల్ఆర్‌లకు ఉండే జబ్బు. కొలిచేది అడుగు సెన్సర్, ఫోటో పడేది వేరే సెన్సర్. రెంటికీ దారి కొద్దిగా తేడా వస్తే చాలు. పరీక్షకి గోడకి న్యూస్‌పేపర్ నిటారుగా అంటించి, పక్కన ఒక స్కేలును 45 డిగ్రీల వాలుగా పెట్టి, పేపరున్న గీతకు స్కేలు మధ్య అంకె సరిపోయేలా చూడాలి. 50 ఎంఎంకి 2.5 మీటర్ల దూరం. స్టాండ్ మీద, పూర్తి అపర్చర్‌లో, ప్రతిసారీ రింగ్‌ను చివరకి తిప్పి మళ్లీ ఏఎఫ్ చేస్తూ ఎనిమిది ఫోటోలు. తర్వాత లైవ్ వ్యూ ఏఎఫ్‌తో ఒకటి. లైవ్ వ్యూది సరిగ్గా ఉండి మిగతావన్నీ ఒకే పక్కకి జరిగి ఉంటే మెనూలోని ఏఎఫ్ ఫైన్ ట్యూన్‌లో సరిచేయాలి, ప్లస్ మైనస్ 20 దాకా ఉంటుంది. ఒక్కోటి ఒక్కో పక్కకి ఉంటే ట్యూన్ చేసి లాభం లేదు. చిన్న బాడీల్లో ఈ మెనూ ఉండదు. పోర్ట్రైట్లను లైవ్ వ్యూలో తీయడమే వారికి మందు. ఇంత చేసేముందు అది అసలు ఫోకస్ తప్పేనా చూడండి. ఫ్రేములో ఇంకేదైనా, చెవో, పూలజడో పదునుగా ఉంటే ఫోకస్ తప్పింది. ఏదీ పదునుగా లేకుండా అన్ని చుక్కలూ ఒకే దిక్కుకి గీతల్లా సాగితే చెయ్యి వణికింది.

నడిమి పాయింట్‌తో పట్టి ఫ్రేము జరపడం కూడా ఈ ఖాతాలోకే వస్తుంది. మీటరు దూరంలో 50 ఎంఎంతో కన్ను పట్టి, 12 డిగ్రీలు పక్కకి తిప్పితే ఫోకస్ తలం కంటికి 2 సెంటీమీటర్లు వెనక్కి పోతుంది. ఎఫ్ 1.8లో కంటి వెనక మిగిలే లోతు ఒకటిన్నర సెంటీమీటరు. పాయింట్‌ను కన్ను దగ్గరికే జరపండి.

గండికోటలో పెన్నా లోయ అంచున నిలబడి తీసేవారు దూరంగా ఉన్న కొండను ఏఎఫ్‌తో పట్టించి, ఎఫ్ 22 పెట్టి, ముందున్న ఎర్ర బండలు ఎందుకు మెత్తగా ఉన్నాయంటారు. ఎఫ్ 22 దగ్గర డిఫ్రాక్షన్ వల్ల, అంటే సన్నటి రంధ్రం గుండా వెలుగు చెదరడం వల్ల, మొత్తం ఫోటోనే మెత్తబడుతుంది. కిట్ లెన్స్ 18 ఎంఎం, ఎఫ్ 8, ఏపీఎస్-సి: లెక్క ప్రకారం 2 మీటర్ల దగ్గర ఫోకస్ చేస్తే 1 మీటరు నుంచి అనంతం దాకా పదును. ఈ లెక్క మామూలు సైజు ప్రింటుకి కట్టింది. 24 మెగాపిక్సెళ్ల ఫోటోను కంప్యూటర్లో నూరు శాతం పెంచి చూస్తే అవతలి గట్టు కొంచెం పలచగా ఉంటుంది. అందుకే 4 మీటర్ల దగ్గర పెట్టడం మేలు. దగ్గరి హద్దు 1.35 మీటర్లకు జరుగుతుంది, పోయేది అంతే, దూరం గట్టిపడుతుంది. కిట్ లెన్స్ మీద దూరం అంకెలుండవు కాబట్టి ఐదారు అడుగులు వేసి అక్కడున్న రాయిని పట్టించి, ఎంఎఫ్‌కి జరపాలి.

చుక్కలకైతే రింగ్‌ను చివరిదాకా తిప్పితే అనంతం అనుకోవద్దు. వేడికీ చలికీ గాజు, లోహం జరుగుతాయి కాబట్టి ఏఎఫ్ లెన్స్‌లను అనంతం దాటి తిరిగేలా చేస్తారు. లైవ్ వ్యూలో ప్రకాశంగా ఉన్న నక్షత్రాన్ని 10 రెట్లు పెంచి, అతి చిన్న చుక్క అయ్యేదాకా తిప్పి, రింగ్‌కి టేప్ వేయాలి. అనంతపురం వేసవి సాయంత్రం వేడిలో కుదిర్చిన ఫోకస్‌ను అర్ధరాత్రికి మళ్లీ చూసుకోవాలి.

పక్షులూ జింకలూ మాత్రం ముఖ్యంగా యంత్రం పని. రోళ్లపాడు గడ్డిలో కృష్ణజింక ఉంటే ముందు గడ్డిపోచలే పట్టుకుంటుంది. సింగిల్ పాయింట్ పెట్టి, ముందు రింగ్‌తో జింక దాదాపు కనిపించేదాకా తెచ్చి, అప్పుడు ఏఎఫ్‌కి వదిలితే గడ్డి వైపు పోదు. గడ్డి మీద ఎగిరే గద్దజాతి పక్షులకి లాక్-ఆన్‌ను (పట్టినదాన్ని ఎంతసేపు వదలకూడదో చెప్పే ఎంపికను) ఎక్కువలో పెట్టుకుంటే, ఒక్క క్షణం పొద అడ్డమొచ్చినా వదలదు. వీరాపురంలో చింతచెట్ల మీది పెయింటెడ్ స్టార్క్ కొంగలు గూటి దగ్గర ఉన్నంతసేపు దూరం మారదు. కొమ్మల మధ్య గూటిని ఒకసారి పట్టి వేలు తీసేయండి. వాలడానికి వచ్చేదానికి మాత్రం వేలు నొక్కే ఉంచాలి.

పదకొండు గంటల ఎండలో మూడు నాలుగు వందల మీటర్ల అవతలి జింక ఎంత మంచి లెన్స్‌తోనైనా అలలు అలలుగా వస్తుంది. నేల కాగి, గాలి పొరలు ఆడుతుంటాయి. అది ఫోకస్ కాదు, ఏ మెనూలోనూ దానికి మందు లేదు. ఎనిమిదిలోపే తీయాలి. కారులోంచి తీస్తుంటే ఏసీ ఆపి, అద్దాలు దించి, లోపలి గాలి బయటి వేడికి సరిపడేదాకా ఆగాలి. చల్లగాలి వేడిగాలి కలిసే కిటికీలోనే బొమ్మ చెదిరిపోతుంది.

దసరా రాత్రి కర్రల సమరం జరిగే దేవరగట్టు వంటి చోట ఏ ఏఎఫ్‌నూ నమ్మలేం. దివిటీల మంటలు ఆడుతుంటాయి, కర్రలు లేస్తుంటాయి, పొగ, దుమ్ము. అక్కడ దూరాన్నే ముందుగా పరిచి పెట్టుకోవాలి. 18 ఎంఎం, ఎఫ్ 4 పెట్టి, 3 మీటర్ల దూరంలోని మనిషిని వెలుతురు ఉండగానే పట్టించి, ఎంఎఫ్‌కి జరిపి, రింగ్ మీద టేప్ అంటించాలి. అప్పుడు 1.7 మీటర్ల నుంచి 11 మీటర్ల దాకా ఏది వచ్చినా పదునుగానే పడుతుంది. ఐఎస్ఓ (వెలుగుకి సెన్సర్ సున్నితత్వం) 3200 నుంచి 6400, షట్టర్ వేగం సెకనులో 1/125కి తగ్గకుండా. 18 దగ్గర జూమ్ రింగ్‌కి కూడా ఒక టేప్ ముక్క వేయండి, తోపులాటలో అది తిరిగిందంటే లెక్కంతా మారిపోతుంది.